పై గది

ఉమ యూనివర్సిటీలో సోషల్ వర్క్ ప్రొఫెసర్. పాఠాలు చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు దాటినా, ఆమె పేరు డిపార్ట్‌మెంటులో కంటే బయట బస్తీల్లో పనిచేసే చిన్న సంస్థల వాళ్ళకే ఎక్కువ తెలుసు. లాలాపేట్‌లో పనికి పోయే తల్లుల పిల్లల్ని చూసుకునే సంస్థ ఒకటి, పిల్లలు ఎందుకు తగ్గిపోతున్నారో అర్థంకాక ఆమెను పిలిచింది. ఉమ రెండు నెలలపాటు ఆ తల్లుల ఇళ్ళకు తిరిగింది. మీరు సాయంత్రం తాళం వేసే వేళకు ఫ్యాక్టరీల్లో షిఫ్టు ఇంకా వదలడం లేదు, అంతే సంగతి, అని చెప్పింది. వాళ్ళు వేళ మార్చారు. పిల్లలు మళ్ళీ వచ్చారు. ఇలాంటివి పెద్ద జర్నల్స్‌లో అచ్చు కావు. "నీది పరిశోధనా, పంచాయితీనా?" అని తోటి ప్రొఫెసర్లు నవ్వేవాళ్ళు. ఆమె పట్టించుకునేది కాదు.

అబ్రహాం ఆమెను వెతుక్కుంటూ వచ్చింది ఆ లాలాపేట్ వాళ్ళు చెబితేనే. నాచారం పారిశ్రామికవాడ వెనక సందులో "నిలకడ" అనే తాగుడు మాన్పించే కేంద్రం నడిపేవాడు అతను. ఒకప్పుడు ఆ వాడలోనే రబ్బరు ఫ్యాక్టరీలో పనిచేసి, తాగుడుకు ఉద్యోగాన్ని పోగొట్టుకుని, తర్వాత తాగుడునే వదిలించుకున్న మనిషి. తెల్లచొక్కా ఇస్త్రీ చేసి వేసుకుని వచ్చాడు. కుర్చీ చివరన కూర్చున్నాడు.

"మేడం, మా దగ్గర మానేసి పోయినోళ్ళు ఇంటికి పోయినంక ఏమైతున్రో మాకు ఎరుక లేదు. కొందరు వచ్చి దండం పెట్టి పోతరు. రానోళ్ళ సంగతేంది? మాకు పైసలిచ్చే కంపెనీ మీ పని ఎట్ల నడుస్తుందో చూపియ్యమంటున్నది. నేను మంచిగ నడుస్తుందంటే నమ్ముతరా? మీరే జర సూసి చెప్పున్రి. తప్పుంటే తప్పుందని చెప్పున్రి."

సంస్థల వాళ్ళు సాధారణంగా, మా పని బాగుందని రాసివ్వండి అని అడుగుతారు. తప్పు చెప్పమని అడిగినవాడు ఉమకు అరుదుగా తగిలాడు. ఆ మాట మీదే ఒప్పుకుంది.

ఆ వేసవి అంతా ఆమె నాచారం, మల్లాపూర్, ఉప్పల్ బస్తీల్లో తిరిగింది. కేంద్రం నుంచి బయటికి వచ్చినవాళ్ళతో, వాళ్ళ భార్యలతో, అమ్మలతో కూర్చుని మాట్లాడింది. ఒక సంగతి త్వరగానే తేలింది. లోపల ఎన్నాళ్ళు ఉన్నాడన్నదాన్ని బట్టి మగవాడు తాగకుండా నిలబడడం లేదు. బయటికొచ్చాక ఇంట్లోవాళ్ళకు తోడు ఎవరైనా ఉన్నారా, వారానికోసారైనా ఎవరైనా వచ్చి మాట్లాడుతున్నారా అన్నదాన్ని బట్టి నిలబడుతున్నాడు. ఇది అబ్రహాంకు చెబితే సంతోషపడ్డాడు. ఆదివారాలు ప్రార్థన అయ్యాక ఆడవాళ్ళను చర్చి హాల్లో కూర్చోబెడదామని అతని భార్య లూర్దమ్మ అంది. కేంద్రంలో అందరికీ వంట చేసేది ఆమే.

నారపల్లిలో దుర్గేష్ అనేవాడిని కలిసిన రోజు దాకా అంతా సవ్యంగానే ఉంది.

దుర్గేష్ ఒకప్పుడు లారీ డ్రైవరు. ఇప్పుడు హైవే పక్కన కొత్తగా వేసిన వెంచర్‌లో వాచ్‌మన్. రంగు జెండాలు పాతిన ప్లాట్ల మధ్య రేకుల గది. భార్య టీ పెట్టి ఇచ్చింది. అబ్రహాం అన్న లేకుంటే నేను లేను మేడం అని మొదలుపెట్టి చాలాసేపు చెప్పాడు. మొదటి రోజులు ఎట్లా గడిచాయని ఉమ అడిగింది. అందరినీ అడిగే ప్రశ్నే అది.

"మొదటి నాలుగు రోజులు పై గదిల ఉంటిని. మంచానికి కట్టేసిన్రు."

ఉమ రాసుకుంటున్న పెన్ను ఆపింది. "కట్టేసిన్రా?"

"లుంగీలతోని. తాళ్ళతోని కాదు, తాళ్ళయితే కోసుకపోతయి గద. చేతులు, కాళ్ళు." అతను మామూలుగా చెబుతున్నాడు. "కట్టేయకుంటే నేను గోడ దుంకి ఉరుకుతుంటి మేడం. వైన్ షాపు ఎదురుంగనే ఉండె. కట్టేసినందుకే బతికిన."

"డాక్టర్ ఎవరైనా వచ్చిండా ఆ నాలుగు రోజుల్ల?"

"డాక్టర్ ఎందుకు? అన్ననే పక్కన కూసున్నడు. నేను తిట్టిన తిట్లు ఇంకోడైతే చంపుతుండె. అన్న మూతి తుడిచి జావ తాగిపిచ్చిండు."

దుర్గేష్ భార్య గుమ్మంలో నిలబడి వింటోంది. ఆమె ముఖంలోనూ ఫిర్యాదు లేదు.

తిరుగు బస్సులో ఉమకు కూర్చోబుద్ధి కాలేదు. సీటు ఖాళీ ఉన్నా ఉప్పల్ దాకా రాడ్డు పట్టుకుని నిలబడే వచ్చింది. అంతకుముందు మాట్లాడినవాళ్ళలో ఇద్దరు ముగ్గురు "పై గది" అన్నారు. అది పడుకునే గది కాబోలు అనుకుని ఆమె వదిలేసింది. ఇప్పుడు వాళ్ళు ఆ మాట దగ్గర ఎట్లా తడబడ్డారో గుర్తొచ్చింది.

మర్నాడే నాచారం వెళ్ళింది. అబ్రహాం కూరగాయలు దింపిస్తున్నాడు. ఆమె అడగగానే దాచలేదు. పైకి తీసుకుపోయాడు. చిన్న గది, ఒక కిటికీ, ఇనుప మంచాలు రెండు, గోడకు శిలువ. ఒక మంచం మీద యాభై ఏళ్ళ మనిషి నిద్రపోతున్నాడు. చేతులు వదులుగానే ఉన్నా, మంచం కోడుకు మడిచిన లుంగీ కట్టి ఉంది.

"నిన్నటి దాక కట్టినం. ఇయ్యాల నిమ్మళమైండు," అన్నాడు అబ్రహాం.

"అన్నా, ఇది తప్పు."

"తప్పెట్లయితది మేడం? నన్ను మా అమ్మ గిట్లనే కట్టేసింది. ఊర్ల, దూడల కొట్టంల. నేను ఏడ్చిన, ఆమెను బూతులు తిట్టిన. ఆమె గూడ ఏడ్చింది గని ఇడ్శిపెట్టలే. ఆ పొద్దు ఇడ్శిపెడితే మీరిప్పుడు ఎవ్వరితోని మాట్లాడుదురు?"

ఉమ గొంతు తగ్గించింది. పడుకున్న మనిషి లేస్తాడేమోనని.

"రోజూ తాగే మనిషికి ఒక్కసారే ఆపితే ఫిట్స్ రావచ్చు. ప్రాణం పోవచ్చు. దానికి గోలీలున్నయి, డాక్టర్ చూడాలె. మీరు ఏడెనిమిది ఏండ్లసంది అదృష్టం మీద నడుపుతున్రు."

"దవాఖానకు తీస్కపోలేదనుకుంటున్రా? పోయిన. మంచం లేదు, వారం ఆగి రమ్మంటరు. వారం ఆగితే ఆయన ఆడ ఉంటడా? మొగడు ఇంట్ల సామాను అమ్ముకుంట పెండ్లాన్ని కొట్టుకుంట ఉంటే ఆమె నా తలుపు కొడతది. నేను వారం ఆగి రమ్మనాల్నా?"

తాను అక్కడికి వచ్చిన పని అడిగి రాసుకుని వెళ్ళడం. అతని పని తలుపు తీయడం. అది ఆమెకూ తెలుసు. అయినా కట్టి ఉన్న ఆ లుంగీ మీంచి చూపు మరల్చలేకపోయింది.

చట్టం ప్రకారం ఇది జిల్లా అధికారులకు చెప్పాల్సిన సంగతి. చెబితే వచ్చి సీలు వేస్తారు. లోపల ఉన్నవాళ్ళంతా ఆ రోజే రోడ్డు మీదికి వస్తారు. ఉమ రెండు రోజులు ఆలోచించి ఒక ఒప్పందంతో అబ్రహాం దగ్గరికి వచ్చింది. ఇకమీదట ఎవరినీ కట్టకూడదు. చేర్చుకునే ముందు డాక్టర్ చూడాలి. డాక్టర్‌ను వెతికి తెచ్చే పూచీ తనది. కొన్ని వారాలు చూస్తుంది. ఆ తర్వాత తన రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు రాస్తుంది, పై గదితో సహా.

"మీరు చెప్పినట్లే చేస్త," అన్నాడు అబ్రహాం.

సర్కారు దవాఖానలో మానస అనే చిన్న వయసు డాక్టర్ ఉండేది, మానసిక వైద్యం చదివింది. ఉమ ఆమెకు ఎవరెవరితోనో చెప్పించి, వారంలో రెండు మధ్యాహ్నాలు నాచారం వచ్చేటట్టు ఒప్పించింది. మానస వచ్చి చూసి మొదట ఉమను చీవాట్లు పెట్టింది. "మేడం, ఈ సెంటర్‌కు రిజిస్ట్రేషనే లేదు. నా పేరు బయటికొస్తే నా ఉద్యోగం పోతది." అంటూనే బీపీ చూసింది, గోలీలు రాసింది, ఎవరిని ఇక్కడ ఉంచకూడదో, వెంటనే దవాఖానకు పంపాలో అబ్రహాంకు విడమరిచి చెప్పింది. అబ్రహాం శ్రద్ధగా విన్నాడు. లుంగీలు మంచాలకు లేవు. లూర్దమ్మ ఆ గదిలో చాపలు పరిచి, కిటికీకి పాత చీర కోసి తెర కుట్టింది.

ఆ వారాల్లో ఉమ తేలిగ్గా నిద్రపోయింది. అధికారులకు చెప్పకపోవడమే మంచిదైందని భర్తతో కూడా అంది.

ఉప్పలయ్య వచ్చింది ఒక శుక్రవారం సాయంత్రం. ఆలేరు వైపు ఊరు. నాచారంలోనే లేతు మిషన్ మీద పనిచేసేవాడు. అతని భార్య సాలమ్మ మిరపపొడి ప్యాక్ చేసే చోట పనికి పోతుంది. ఉప్పల్ చిలకానగర్‌లో వాళ్ళ ఇంటికి ఉమ అంతకుముందు వెళ్ళింది, మాట్లాడింది. ఉప్పలయ్య ఒకసారి కేంద్రంలో ఉండి, ఐదారు నెలలు నిలబడి, మేస్త్రీతో గొడవై మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి పొద్దున లేస్తే చేయి వణికి చాయ్ గ్లాసు పట్టుకోలేకపోయేవాడు. సాలమ్మ, ఆమె తమ్ముడు కలిసి ఆటోలో ఎక్కించి తీసుకొచ్చారు.

డాక్టర్ చూడకుండా చేర్చుకోనని అబ్రహాం అన్నాడు. మానస మళ్ళీ వచ్చేది మంగళవారం. సాలమ్మ మెట్ల మీద కూలబడింది. "అన్నా, ఇంటికి తీస్కపోతే నేను సస్త, లేకుంటే ఆయన్ని సంపుత," అంది. కాసేపటికి అబ్రహాం తలుపు తీశాడు. మానసకు ఫోన్ చేశాడు, ఎత్తలేదు. ఆమె ఊర్లో లేదు. ఉమకు చేయలేదు. ఎందుకు చేయలేదో ఆ తర్వాత ఉమ ఎన్నిసార్లో ఆలోచించింది. దవాఖానకు తీసుకుపొమ్మంటుందని అతనికి తెలుసు.

శనివారం ఉప్పలయ్యకు లేనివి కనిపించసాగాయి. గోడ మీద చీమలు పాకుతున్నాయని చేతులతో గోకాడు. పిట్టగోడ ఎక్కి దూకబోతే ఇద్దరు పట్టుకున్నారు. అబ్రహాం అతన్ని పై గదికి మోయించాడు. మంచానికి కట్టాడు.

ఆదివారం మధ్యాహ్నం ఉమకు లూర్దమ్మ ఫోన్ చేసింది. "మేడం, తొందరగ రాండ్రి. ఉప్పలయ్యకు ఫిట్స్ వస్తున్నయి. ఒకటెన్క ఒకటి వస్తున్నయి. మా ఆయన మీకు చెయ్యొద్దన్నడు, నేనే చేసిన."

ఉమ వచ్చేసరికి అతన్ని కిందికి దించారు. నిన్నటి నుంచి కట్టే ఉంచారని, గోలీలేవీ పడలేదని లూర్దమ్మ చెప్పింది. నోట్లో నురగ, రక్తం కలిసి ఉంది, నాలుక కొరుక్కున్నాడు. ఆటోలో అబ్రహాం అతని తల ఒడిలో పెట్టుకున్నాడు. ఉమ కాళ్ళు పట్టుకుంది. మెట్రో పిల్లర్ల కింద ట్రాఫిక్ కదలడం లేదు. అబ్రహాం పెదాలు కదులుతున్నాయి, ప్రార్థన చేస్తున్నాడు. మధ్యలో ఆగి, "వదిలేస్తే దుంకుతుండె మేడం. మీరుంటే మీరు గూడ కడుదురు," అన్నాడు. ఆమె చేతుల కింద ఆ కాళ్ళు మళ్ళీ బిగుసుకోవడం మొదలైంది.

దవాఖానలో ఎమర్జెన్సీలోకి తీసుకున్నారు. సాలమ్మ కూడా చేరుకుంది. డ్యూటీ డాక్టర్ సూది వేసి, ఉప్పలయ్య చేతులు తిప్పి చూశాడు. మణికట్ల చుట్టూ చర్మం కమిలిపోయి ఉంది. ఒక చోట లేచిపోయింది.

"ఇవేంటి?"

"పడ్డడు సార్. మెట్ల మీద," అన్నాడు అబ్రహాం.

"రెండు చేతులకూ ఒకేలాగ పడ్డాడా? ఎంతసేపటి నుంచి కట్టేశారు? నాకు అది తెలియాలి. కండరాలు దెబ్బతింటే కిడ్నీలు పోతాయి, దాన్ని బట్టి వైద్యం ఉంటుంది."

అబ్రహాం నేల చూపులు చూశాడు. సాలమ్మ ఉమ వైపు చూసింది. చెప్పమని చూసిందో, చెప్పవద్దని చూసిందో ఉమకు అర్థం కాలేదు. అర్థం చేసుకునే తీరిక కూడా లేదు.

"నిన్నటి నుంచి, డాక్టర్," అంది ఉమ. "మంచానికి కట్టారు. శుక్రవారం నుంచి తాగుడు ఆపారు, గోలీలు ఏమీ ఇవ్వలేదు."

డాక్టర్ తలూపి లోపలికి వెళ్ళిపోయాడు. పోలీసులు వచ్చారు. మీరెవరు, మీకెట్లా తెలుసు అని అడిగారు. ఉమ తను ఎవరో చెప్పింది. అక్కడ కట్టేస్తారన్న సంగతి తనకు ముందే తెలుసని, మారుస్తారని నమ్మి ఎవరికీ చెప్పలేదని కూడా చెప్పింది. ఎస్సై రాయడం ఆపి ఆమె ముఖంలోకి చూశాడు. "అది కూడా రాయాల్నా మేడం?" అన్నాడు. రాయమంది.

అబ్రహాం అదంతా విన్నాడు. ఆమె వైపు తల తిప్పలేదు.

రెండో రోజే కేంద్రానికి సీలు పడింది. లోపల ఉన్నవాళ్ళు సంచులు పట్టుకుని సందులో నిలబడ్డారు. కొందరిని ఇంటివాళ్ళు వచ్చి తీసుకుపోయారు. ఒకాయన నేరుగా మూల మీద వైన్ షాపు వైపు నడిచాడు, ఆయన కూతురు వెనకాలే ఏడుస్తూ వెళ్ళింది. ఉమ అప్పుడు అక్కడే ఉంది. అక్కడ ఉండడం ధర్మమనుకుని వెళ్ళింది. శాంతాబాయి అనే ఆమె, కొడుకును చేర్పించిన ముసలమ్మ, చేతికర్ర ఊపుతూ దగ్గరికి వచ్చింది.

"నువ్వేనా చెప్పింది? నువ్వొచ్చి మా ఇంట్ల సాప మీద కూసున్నవు. నీకు చాయ్ పోసిన. నా కొడుకును ఇప్పుడు నీ ఇంటికి తోలియ్యాల్నా?"

ఇంకో నలుగురు ఆడవాళ్ళు చుట్టూ చేరారు. లూర్దమ్మే వచ్చి వాళ్ళను పక్కకు జరిపి ఉమను రోడ్డు దాకా దిగబెట్టింది. అబ్రహాంను ఆ పొద్దున్నే అరెస్టు చేశారు. లూర్దమ్మ కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"నేను చేసిన ఫోన్ వల్లనే ఇదంత ఐంది," అంది.

"ఆ ఫోన్ చేయకుంటే ఉప్పలయ్య పోతుండె, లూర్దమ్మా."

"అది తెల్సు. తెల్సు గనుకనే ఇంకా అన్నం తింటున్న."

యూనివర్సిటీలో డిపార్ట్‌మెంట్ హెడ్ పిలిచాడు. రిపోర్టు రాయడం మీ పని, ఆటోలో పేషెంట్లను మోయడం కాదు, ముందే తెలిసి ఎందుకు దాచారు, అన్నాడు. ఆయన రెండు మాటల్లో రెండోది నిజమేనని ఉమ ఒప్పుకుంది. విచారణ కమిటీ వేశారు. డబ్బులిచ్చే కంపెనీ చేతులు దులుపుకుంది. మానస పేరు బయటికి రాకుండా ఉమ కాపాడగలిగింది. ఆ నెల మొత్తానికి ఆమె చేయగలిగిన మంచిపని అదొక్కటే అనిపించింది. ఇంట్లో అన్నం ముందు కూర్చుంటే, ఆటోలో బిగుసుకున్న ఆ కాళ్ళు చేతులకు తగులుతున్నట్టే ఉండేది.

ఉప్పలయ్య బతికాడు. కిడ్నీలకు డయాలసిస్ అవసరం పడింది గానీ కోలుకున్నాయి. తల మాత్రం పూర్తిగా కోలుకోలేదు. పొద్దున జరిగింది సాయంత్రానికి మరిచిపోతాడు. లేతు మిషన్ పనికి ఇక పనికిరాడని తేలింది. తాగుడు మానేశాడా అంటే, తాగాలన్న సంగతే చాలాసార్లు గుర్తుకు రాదు.

వర్షాలు మొదలయ్యాక లూర్దమ్మ ఉమకు మళ్ళీ ఫోన్ చేసింది. ఆడవాళ్ళు ఇంటికి వచ్చి కూర్చుంటున్నారని, ఎక్కడికి పోవాలో తెలియడం లేదని చెప్పింది. "మీరు రాస్తిరి గద, వారానికోసారి కూసుంటే నిలబడుతరని. ఆ ముక్క ఐతే అబద్ధం కాదు గద?"

మళ్ళీ అక్కడ ఎవరి ముఖం చూడాలి అనుకుంది ఉమ. కానీ వెళ్ళింది. పాస్టర్ చర్చి హాలు ఇచ్చాడు. ఉమ ఈసారి ముందు జిల్లా ఆఫీసుకు వెళ్ళి, పై గది సంగతంతా మళ్ళీ చెప్పి, అనుమతి కాగితాలు తీసుకుంది. మానస ఇప్పుడు దవాఖాన తరఫునే, చాటుగా కాకుండా, వారానికో మధ్యాహ్నం వచ్చి చూసేటట్టు ఏర్పాటైంది. తాగుడు ఆపాల్సినవాళ్ళకు దవాఖానలో మంచం దొరికేదాకా ఉమ ఫోన్లు చేసేది, కొన్నిసార్లు దొరికేది కాదు. దొరకనప్పుడు ఆ ఇంటి ఆడమనిషి ముఖం చూసి, రెండు రోజులాగు అని చెప్పాల్సింది తనే. వారం ఆగి రమ్మనాల్నా అని అబ్రహాం అప్పుడు అడిగిన మాట అలా చెప్పిన ప్రతిసారీ గుర్తొచ్చేది.

శాంతాబాయి రాలేదు. ఆమె కొడుకు ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. సాలమ్మ మాత్రం వచ్చింది, మొగుణ్ణి చెయ్యి పట్టుకుని.

ఉప్పలయ్య ఉమను చూసి నవ్వాడు. "మీరెవరు మేడం?" అన్నాడు.

"మీ ఇంటికొచ్చిన ఒకసారి. యూనివర్సిటీల పాఠాలు చెప్త."

"మంచిది," అని కుర్చీలో కుదురుగా కూర్చున్నాడు.

సాలమ్మ ఉమను బయటికి పిలిచింది. వసారాలో నిలబడ్డారు. ఆ రోజు దవాఖానలో ఆమె చూసిన చూపు గురించి అడగాలని ఉమ ఎన్నాళ్ళ నుంచో అనుకుంటోంది. అడిగింది.

"చెప్పాలె అనే చూసిన మేడం. నేను చెప్పలేక చూసిన," అంది సాలమ్మ. "నేనే గద కట్టేయమన్నది. శనివారం నేను చూడనీకొచ్చిన. ఆయన దుంకుతనంటే, ఏమన్న చెయ్యన్నా, కట్టెయ్యి అని నేనే అన్న. అన్న అప్పుడే కట్టిండు. పోలీసోళ్ళకు ఆ మాట చెప్పలేదు అన్న. నా పేరు రానియ్యలేదు."

చీర కొంగుతో కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళి ఉప్పలయ్య పక్కన కూర్చుంది.

ఆ మాట విన్నాక ఉమ అబ్రహాంను చూడకుండా ఉండలేకపోయింది. బెయిలు మీద బయటికొచ్చి చర్లపల్లి రైల్వే టెర్మినల్ దగ్గర పార్కింగ్‌లో పనిచేస్తున్నాడని లూర్దమ్మ చెప్పింది. ఇంట్లో ఉమ పేరు ఎత్తితే లేచి వెళ్ళిపోతాడట. అయినా ఉమ వెళ్ళింది. ఖాకీ రంగు చొక్కా వేసుకుని వరసలో బండ్లు పెట్టిస్తున్నాడు. ఆమెను చూశాడు. పని ఆపలేదు. ఒక రైలు జనం బయటికి వచ్చి పోయేదాకా ఆమె గొడుగు కింద నిలబడింది. అప్పుడు వచ్చాడు.

"సాలమ్మ చెప్పింది, ఆమే కట్టెయ్యమన్నదని," అంది ఉమ.

"ఆమె అన్నా అనకున్నా నేను కడుదును. ఆమెను ఎందుకు గుంజాలె ఇందుల?" అతని గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "మేడం, నేను రోజు ఇదే ఆలోచిస్త. నన్ను కట్టేసినందుకే నేను బతికిన. ఆయన్ని కట్టేసినందుకు ఆయనట్లయిండు. రెండూ నిజమే గద. ఏది పట్టుకోవాలె నేను?"

ఉమ ఇరవై ఏళ్ళుగా ఇలాంటి ప్రశ్నలకు క్లాసులో పిల్లలకు జవాబులు నేర్పింది. మీ అమ్మకు వేరే దారి లేదు, మీకు ఉంది అనబోయింది. ఆ శుక్రవారం అతనికి నిజంగా ఉన్న దారి ఎంత సన్ననిదో గుర్తొచ్చి ఆగిపోయింది.

"నాకు చెప్పి ఉంటే..." అంది.

"చెప్పాల్సింది. అది నా తప్పే. సెంటర్ బంద్ అయితదని భయపడిన. బంద్ అయితే వీళ్ళు ఏడికి పోతరనుకున్న." మళ్ళీ అన్నాడు, "మీరు గూడ గదే అనుకున్నరు గద ముందుగాల, ఎవ్వరికి చెప్పకుంట."

"అవును."

వాన పెరిగితే ఇద్దరూ రేకు కిందికి జరిగారు. లోపల మైకులో ఏదో రైలు ఆలస్యమని చెబుతున్నారు.

"కోర్టుల మీరే సాక్షి అంట. వకీలు చెప్పిండు."

"అవును. సమన్లు వచ్చినయి."

"ఏం చెప్తరు?"

"చూసింది చెప్త. చేతులెట్లున్నయో చెప్త. మీరు మూతి తుడిచి జావ తాగిపిచ్చిన్రని దుర్గేష్ చెప్పింది గూడ చెప్త. నాకు ముందే తెలుసన్నది చెప్త."

అబ్రహాం తల ఊపాడు. ఒక కారు వచ్చి హారన్ కొట్టింది. అతను చెయ్యెత్తి దానికి జాగా చూపించడానికి వానలోకి వెళ్ళాడు. చర్చి హాలుకు రమ్మని అడుగుదామని ఉమ ఇంకాసేపు ఉంది. అతను మళ్ళీ ఇటు రాలేదు. ఒక బండి తర్వాత ఇంకో బండి వస్తూనే ఉంది. ఆమె బస్టాపు వైపు నడిచింది.